దాతల పద్దు

స్త్రీలకు జమాఖర్చుల సంగతి యేమి తెలియునని పరిహసించువారు భారతమును శ్రద్ధగా చదివినవారు కారు. అరణ్యపర్వమున సత్యభామ ద్రౌపదిని గాంచి, భర్తల యనురాగమును చూఱగొనిన యుపాయ మేమని యడిగినప్పుడు ఆ యిల్లాలు మందులను మంత్రములను చెప్పలేదు. ఇంద్రప్రస్థమున నున్న దినములలో పాండవుల యాదాయవ్యయముల నన్నిటిని తానొక్కతెయే యెఱిగి విచారించుచుంటినని చెప్పినది. పెద్ద సంసారమును నమ్మకముగా నడపుటకు లెక్క యెంత ముఖ్యమో తెలియుటకు ఆ మాట చాలును.

ఇంటి సొమ్ములో నాలుగు రూపాయలు తేడా వచ్చినచో ఇంటివారే సర్దుకొందురు. పరుల సొమ్ము అట్టిది కాదు. నేడు మన చిన్న పట్టణములలో మహిళాసమాజములు, బాలికల వసతిగృహములు, వృద్ధాశ్రమములు, పఠనాలయములు దాతల చందాలతోను, కంపెనీలు ప్రభుత్వములు ఇచ్చు గ్రాంటులతోను నడచుచున్నవి. ఈ పద్దులను వ్రాసి దాచుటకు కంప్యూటరు సాఫ్ట్‌వేరు లెన్నియో బజారున కలవు. వానిలో నొకదానిని ఎన్నుకొను పని యీ సంవత్సరము మా సమాజమువారు మాకు అప్పగించిరి. మూడు నెలలు తిరిగి, చూచి, అడిగి తెలిసికొన్న విషయములు వేఱొక యూరి సోదరీమణులకు కొంత శ్రమ తగ్గించునేమో యను నాశతో నిచ్చట వ్రాయుచున్నాము.

మా సమాజము చిన్నది. పేద బాలికలకు పరీక్ష రుసుములు కట్టుట, పుస్తకములు కొనియిచ్చుట, దిక్కులేని స్త్రీలకు కుట్టుపని నేర్పుట దీని పనులు. దాతలు సుమారు మూడు వందలమంది. బహుకాలము కార్యదర్శినిగా నుండిన వృద్ధురాలిని మేమందఱము పిన్నిగారని పిలుచుదుము. ఆమె చందాల లెక్కను ఎఱ్ఱ అట్ట పుస్తకములలో ముత్యములవంటి అక్షరములతో వ్రాసెడివారు. పుస్తకమున లేనిదంతయు నామె జ్ఞాపకమున నుండెడిది. నిరుడు మోకాళ్ళ నొప్పుల వలన నామె హైదరాబాదులోని కొమార్తె యింటికి వెడలిపోయిరి. పుస్తకములు మాకు మిగిలినవి. జ్ఞాపకము ఆమెతో వెళ్ళినది.

ఆ పుస్తకములలో ప్రతి సంవత్సరము మాఘమాసమున నొక పద్దు కనబడును: ‘పాపకు – 1,000.’ ఎవరి పాప? ఈ సొమ్మెవరిది? కోశాధికారిణికి తెలియలేదు, మాకును తెలియలేదు. పిన్నిగారికి ఫోను చేసి యడిగితిమి. పొరుగూర నొక తల్లి కలదట. ఆమె కూతురు పదవ తరగతి పరీక్షలకు పది దినములు ముందు జ్వరముతో పోయినదట. నాటి నుండి ఆ తల్లి యేటేట పరీక్షల వేళకు ఆ బిడ్డ పేర నొక బాలిక రుసుమునకై వేయి రూపాయలు పంపుచున్నదట. ఆ వేయి రూపాయలు కుట్టుమిషను మరమ్మతునకు ఖర్చుపెట్టినను మొత్తపు కూడికలో తేడా రాదు. ఆడిటరు తప్పు పట్టజాలడు. ఆ తల్లికి మాత్రము రెండవమాఱు బిడ్డ పోయినట్లగును. ఇట్టి పద్దును ఏ సాఫ్ట్‌వేరు చెక్కుచెదరక కాపాడునో అదియే మాకు తగినదని ఆ దినముననే నిశ్చయించుకొంటిమి.

ఇంతలో ఒక కంపెనీవారు కుట్టుపని తరగతికి గ్రాంటు ఇచ్చెదమని వ్రాసిరి. 2013 నాటి కంపెనీల చట్టము ననుసరించి, ఒక స్థాయికి మించిన కంపెనీలు గడచిన మూడు సంవత్సరముల సగటు లాభములో నూటికి 2 వంతులు సంఘహిత కార్యములకు వినియోగింపవలయును. ఆ సొమ్ము పుచ్చుకొను సంస్థ 2021 ఏప్రిల్ 1 నుండి సిఎస్‌ఆర్–1 అను పత్రముతో పేరు నమోదు చేసికొనవలెనని యేర్పడినది. సొమ్ము రెండు వాయిదాలలో నిత్తుమనియు, మొదటి వాయిదా లెక్క చూపినగాని రెండవది రాదనియు, మిగిలినది తిరిగి యీయవలెననియు కంపెనీవారి షరతులు.

అప్పుడు మాకొక విషయము స్పష్టమైనది. చందా యొక తీరు, గ్రాంటు వేఱొక తీరు. చందా పద్దు మనుష్యుని జ్ఞాపకముంచుకొనవలెను: ఎవరు, ఎందుకొఱకు, ఎవరి పేర, నిరుడిచ్చిరా, ఉత్తరము వ్రాసితిమా. గ్రాంటు పద్దు గడువును జ్ఞాపకముంచుకొనవలెను: ఏ వాయిదా యెప్పుడు, ఏ నివేదిక యే తేదీకి, ఏ ఖర్చు దేనికింద, ఎంత మిగిలినది. అమ్మువారు రెంటిని ఒక్క యూపిరిలో చెప్పి, ‘అన్నియు నిందులో నున్నవమ్మా’ యందురు. ఆ మాటను అక్కడనే ఆపి యడుగవలెను. గ్రాంటుల సాఫ్ట్‌వేరు లనబడువానిలో చాల భాగము గ్రాంటు ఇచ్చువారి కొఱకు చేయబడినవి: దరఖాస్తులను వడగట్టుటకు, ఎవరికెంత యిచ్చితిమో చూచుకొనుటకు. పుచ్చుకొనువారి యవసరములు వేఱు. సివిసిఆర్ఎమ్ అను ప్రసిద్ధమైన ఉచిత సాఫ్ట్‌వేరులో గూడ సివిగ్రాంటు అను భాగము ఇచ్చువారి పక్షముననే యున్నది. పేరు చూచి మోసపోరాదు. కంద యనుకొని చేమను కొన్నట్లగును.

ఇక ప్రభుత్వమువారి నిబంధనలు. దాతకు ఆదాయపు పన్నులో రాయితీ కలుగుటకు మన రసీదు చీటీ యొక్కటియే చాలిన దినములు పోయినవి. 80జి అనుమతి గల ప్రతి సంస్థయు ఆ యేటి విరాళముల పట్టికను 10బిడి యను పత్రముగా మే 31వ తేదీలోపల పంపి, పిమ్మట దాతకు 10బిఇ యను ధ్రువపత్రము నీయవలెనని 2021–22 ఆర్థిక సంవత్సరము మొదలుకొని యేర్పాటైనది. దాత పేరు, చిరునామా, పాన్ వంటి గుర్తింపు సంఖ్య, సొమ్ము రొక్కముగా వచ్చినదా బ్యాంకు ద్వారా వచ్చినదా, మూలధనమునకా ప్రత్యేక కార్యమునకా యను వివరము, ఇవన్నియు ఆ పట్టికలో కావలెను. గడువు దాటిన ప్రతి దినమునకు 200 రూపాయల రుసుము విధించిరి. 2,000 రూపాయలకు మించి రొక్కముగా నిచ్చిన విరాళమునకు 2017 ఏప్రిల్ నుండి రాయితీ తీసివేసిరి. కౌటిల్యుని యర్థశాస్త్రమున అక్షపటలమను లెక్కల కచ్చేరి యొకటి కలదు. ఆషాఢపూర్ణిమకు సంవత్సరపు లెక్కలన్నియు నచ్చటికి రావలయును. అక్షపటలము నేటికిని పోలేదు, తిథి మాత్రము మాఱినదని మావారు నవ్వుచుందురు.

ఈ నిబంధనలును స్థిరములు కావు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము స్థానమున 2025 లో క్రొత్త చట్టము చేయబడి, దాని యమలునకు 2026 ఏప్రిల్ 1వ తేదీ నిర్ణయింపబడినది. చట్టము మాఱినప్పుడు సెక్షనుల సంఖ్యలును పత్రముల పేర్లును మాఱును. నేటి పత్రమును శిలాశాసనము వలె బిగించుకొన్న సాఫ్ట్‌వేరు రేపటికి పనికిరాదు. కావున ‘నియమము మాఱినచో మార్పు చేయువారెవరు? ఎన్ని దినములలో? దానికి వేఱుగా సొమ్ము పుచ్చుకొందురా?’ యని ముందుగా వ్రాతమూలకముగా నడుగవలెను.

మఱియొక చిక్కు సముద్రమునకు ఆవలి నుండి వచ్చును. మన యూళ్ళ బిడ్డలు అమెరికాలో నున్నారు. పుట్టిన యూరి బడికి, సమాజమునకు సొమ్ము పంపవలెనను కోరిక వారికి కలదు. ఇచ్చట చూడవలసినది దాత నివసించు దేశము కాదు, దాత పౌరసత్వము. భారత పౌరుడుగనే యుండి అచ్చట నుద్యోగము చేయువాడు తన సంపాదనలో నుండి పంపినది విదేశీ విరాళము కాదు. అమెరికా పౌరసత్వము పుచ్చుకొన్న మన మేనకోడలే పంపినను అది విదేశీ విరాళమగును. దానికి 2010 నాటి విదేశీ విరాళముల చట్టము క్రింద అనుమతి యుండవలెను. 2020 నాటి సవరణ ప్రకారము ఆ సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేటు బ్యాంకు ప్రధాన శాఖలో నియమింపబడిన ఖాతాలోనే పడవలెను. దానిని వేఱొక సంస్థకు పంచియీయరాదు. కార్యాలయపు ఖర్చులకు నూటికి 20 వంతులకు మించి వాడరాదు. మా సమాజమునకు ఆ యనుమతి లేదు. కావున పద్దులో పౌరసత్వమునకు ఒక గడి యుండవలెననియు, అది నింపక రసీదు అచ్చు కారాదనియు మేము పట్టుపట్టితిమి. ఆప్యాయముతో పంపిన సొమ్ము సమాజమునకు ఉరిత్రాడు కారాదు గదా!

చిన్నదిగా కనబడి చాల బాధ పెట్టునది పేర్ల సంగతి. విదేశములలో చేసిన సాఫ్ట్‌వేరు ‘మొదటి పేరు, చివరి పేరు’ అని రెండు గడులు చూపును. మనకు ఇంటిపేరు ముందు వచ్చును. మా పుస్తకములలో లక్ష్మిగారలు పదునలుగురు. ఇంటిపేరు, ఊరు, ‘ఫలానా వారి కోడలు’ అను గుర్తు లేనిచో నొకరి చందా వేఱొకరికి జమ యగును. పెండ్లికి ముందొక యింటిపేరు, పిదప నొకటి. పాన్ చీటీలో నింగ్లీషు అక్షరములు నాలుగు విధములు. పేరు తెలుగులో నొక గడి, పాన్ చీటీలో నున్నట్లు ఒక గడి, వాడుక పేరునకు ఒక గడి, ఈ మూడును కావలెను. అమ్మువారిని ఉపన్యాసము చెప్పనీయక, మన పుస్తకము నుండి పది పేర్లు వారి చేతికిచ్చి, మన యెదుటనే వ్రాయింపవలెను. మేమట్లు చేసినప్పుడు ఇద్దఱు పెద్దమనుష్యులు అర్ధగంటలోనే చెమటలు తుడుచుకొనిరి.

బజారున నున్నవానిని నాలుగు తరగతులుగా చెప్పవచ్చును. మొదటిది ఎక్సెల్ వంటి పట్టిక. రెండవది ట్యాలీ, మన యాడిటర్లందఱికి చేతివాటమైనది, ప్రతి గ్రాంటునకు వేఱు ఖర్చుకేంద్రము పెట్టి లెక్క తీయవచ్చును, కాని దాత హృదయము దానికి తెలియదు. మూడవది విదేశముల పెద్ద కంపెనీలవి: సేల్స్‌ఫోర్సు, బ్లాక్‌బాడ్ వారి రైజర్స్ ఎడ్జ్ మొదలైనవి. సేల్స్‌ఫోర్సువారు అర్హత గల ధర్మసంస్థలకు పదిమంది వాడుకొనునంత వఱకు ఉచితముగా నిచ్చు పథకము కలదు. కాని దానిని మన పనికి తగినట్లు తీర్చుటకు నిపుణుల కూలి యీయవలెను. నాలుగవది అందఱికి తెఱచియిచ్చిన సాఫ్ట్‌వేరు: 2005 లో మొదలైన సివిసిఆర్ఎమ్, మన దేశముననే పుట్టిన ఈఆర్‌పినెక్స్టు వంటివి. వీనికి కొనుగోలు ధర లేదు. సర్వరు అద్దె, నడపువారి జీతము మాత్రము కలవు. ఊరక వచ్చిన యావునకైనను మేత కొనక తప్పదు.

ధర యడుగునప్పుడు మొదటి యేటి ధరను కాక మూడేండ్ల ధరను అడుగవలెను. పాత పుస్తకములను ఎక్కించుటకెంత, నేర్పుటకెంత, మనుష్యులు పెరిగినచో నెంత, రెండవ యేట ఎంత యని కాగితముపై వేయించవలెను. చీర ధర చూచి రవికె గుడ్డ, కుట్టుకూలి మఱచిన బేరమువంటిది మొదటి యేటి ధర.

అన్నింటికంటె ముఖ్యమైన ప్రశ్న ‘లోపల పెట్టినది బయటికి వచ్చునా?’ యనునది. మాకు తెలిసిన యొక సమాజమువారు ఒక చిన్న కంపెనీ వద్ద నెల అద్దెకు సాఫ్ట్‌వేరు తీసికొనిరి. అద్దె పెంచగా కట్టలేక మానుకొనిరి. దాతల పట్టిక యిమ్మని యడిగిన నెలలు గడచినను రాలేదు. తుదకు ముద్రించిన కాగితములు కొన్ని వచ్చినవి. ఆ చెల్లెండ్రు వానిని చూచి మరల మొదటి నుండి వ్రాసికొనిరి. కావున కొనకముందే, వారి మనుష్యుడు మన యెదుట నుండగనే, పద్దులన్నిటిని సాధారణమైన పట్టికగా బయటికి తీయించి, మన కంప్యూటరులో తెఱచి చూడవలెను. తాళము చెవి యీయని వానికి బీరువా నమ్మి నగలు పెట్టుదుమా?

దాతల వివరములు సొమ్ము కన్న తక్కువ విలువ గలవి కావు. పాన్ సంఖ్య, ఫోను సంఖ్య, ఇంటి చిరునామా, ఇవి మన చేతిలో నుంచిన నమ్మకము. బ్లాక్‌బాడ్ అంతటి పెద్ద కంపెనీలోనికే 2020 లో దొంగలు చొరబడి అనేక ధర్మసంస్థల దాతల వివరములను తస్కరించిరి. 2023 అక్టోబరులో ఆ కంపెనీ అమెరికాలోని 49 రాష్ట్రములతోను కొలంబియా జిల్లాతోను 4 కోట్ల 95 లక్షల డాలర్లకు ఒప్పందము చేసికొనవలసి వచ్చినది. మన దేశమునను 2023 లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేయబడినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. అక్కఱలేని వివరము అడుగకుండుట మొదటి రక్షణ. ఎవరికేది కనబడవలెనో నిర్ణయించుట రెండవది. మా దాతలలో గుప్తదానము కోరువారు కలరు. వారి పేరు కోశాధికారిణికి, ఆడిటరునకు తప్ప కనబడరాదు. ఒకే సంకేతపదమును పదిమంది పంచుకొను సమాజమున ఈ రక్షణ మాటవఱసకే యుండును.

తుదకు మా సభలో రెండు పక్షము లేర్పడినవి. కోశాధికారిణిగారు, ‘వదినా, పుస్తకమే మేలు, కరెంటు పోయినను కనబడును’ అనిరి. కళాశాలలో చదువుచున్న యొక చెల్లెలు పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేరే కావలెననెను. దాని తెరపై బొమ్మలు, రంగుల చక్రములు చాల ముచ్చటగా నున్నవి. మేము ఇరువురికి నొకే పని చెప్పితిమి: ‘పాపకు – 1,000’ అను పద్దును మీ పద్ధతిలో వ్రాయుడు, దానిని వ్రాసినవారు కాక వేఱొకరు వచ్చి, ఆ సొమ్ము దేనికో, ఎవరికి ఉత్తరము వ్రాయవలెనో చెప్పవలెను. పుస్తకములో గడి చాలలేదు. రంగుల చక్రములలో ఆ సొమ్ము ‘విద్య’ యను నొక ముక్కలో కలిసిపోయినది. సివిసిఆర్ఎమ్‌లో ఉద్దేశమునకు, ఎవరి స్మరణార్థమో దానికి, ఉత్తరము వ్రాయవలసిన తేదీకి గడులు మేమే కల్పించుకొనగలిగితిమి. కోశాధికారిణిగారే దానిని చదివి కథ యంతయు చెప్పిరి.

అందుచేత దాతల పద్దు దానిలోను, సొమ్ము లెక్క ట్యాలీలోను, గ్రాంటుల గడువులు గోడ క్యాలెండరు వలె నొక పట్టికలోను ఉంచుటకు నిశ్చయించితిమి. దానికి ముందు నాలుగు నెలలు పాత పుస్తకములను ఎక్సెల్ పట్టికలో శుద్ధిచేయుటకే వినియోగించితిమి. సాయంకాలములు పిన్నిగారితో ఫోనులో కూర్చుండి పేరు పేరునకు అడిగి వ్రాసికొంటిమి. ఎనుబది యేండ్ల జ్ఞాపకమునకు మించిన సర్వరు మాకు కనబడలేదు. అది యుండగనే యెక్కించుకొనవలెనను తొందర మాకు కలిగినది. ఈ మాఘమాసమున వేయి రూపాయలు వచ్చినప్పుడు, రసీదుపై ఆ బిడ్డ పేరు, ‘పదవ తరగతి పరీక్ష రుసుము’ అను మాట అచ్చైనవి. రుసుము పొందిన బాలిక తన చేతితో వ్రాసిన నాలుగు పంక్తులు దానితో పంపితిమి.

సోదరీమణులారా! మీ యూర నిట్టి పని తటస్థించినచో ఇవి జ్ఞాపకముంచుకొనుడు. యంత్రమును చూడక ముందు మీ పద్దులలో మిక్కిలి చిక్కైన దాని నొకటి ఎన్నుకొని, దానితో పరీక్షింపుడు. దాతలు రెండు వందలకు లోపల, గ్రాంటులు ఒకటి రెండైనచో శుద్ధమైన పట్టికయే చాలును, సిగ్గుపడ నక్కఱలేదు. ఏ సాఫ్ట్‌వేరైనను ఇద్దఱు స్త్రీలైన దానిని పూర్తిగా నడుప నేర్వవలెను. ఒక్క కుఱ్ఱవాని దయపై సమాజమును నిలుపరాదు. నెలకొకమాఱు పద్దులన్నిటిని బయటికి తీసి రెండు చోట్ల దాచుడు. దానమునకు దేశము, కాలము, పాత్రము చూడవలెనని గీత పదునేడవ యధ్యాయము చెప్పుచున్నది. దాత ఆ మూడింటిని చూచి మన చేతిలో సొమ్ము పెట్టును. ఎందులకు పెట్టెనో మనము మఱచిన దినమున, ఎంత సొమ్ము నిల్వ యున్నను మనము పాత్రులము కాము.